కుంట ఒడ్డున హైడ్: మనుబోతును, కొండగొర్రెను దగ్గర్నుంచి చూడాలంటే

అమెరికా పడమటి రాష్ట్రాల్లో విల్లుతో వేటాడేవాళ్ళు ప్రాంగ్‌హార్న్ అనే జింకలాంటి జంతువు కోసం నీటిగుంట పక్కన గుడారం వేసుకుని పొద్దంతా లోపలే కూర్చుంటారు. దప్పికైన జంతువు తనంతట తానే ఇరవై మీటర్ల దగ్గరికి వచ్చేదాకా కదలకుండా ఉండటమే అందులో ఉన్న కిటుకు. మన దగ్గర బాణం వదలడం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణజింక, చింకారా, నాలుగు కొమ్ముల కొండగొర్రె మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, మనుబోతు (నీల్‌గాయ్) రెండో షెడ్యూల్లో ఉంది. మొదటి షెడ్యూల్ జంతువును వేటాడితే 3 నుంచి 7 ఏళ్ళ జైలు. బాణం సంగతి పక్కన పెడితే మిగతా విద్యంతా, అంటే చోటు ఎంచుకోవడం, గాలి చూసుకోవడం, చాటు కట్టుకోవడం, చప్పుడు లేకుండా కూర్చోవడం, ఫోటో తీసేవాళ్ళకూ జంతువులను లెక్కపెట్టేవాళ్ళకూ ఉన్నదున్నట్టు పనికొస్తుంది.

ఎక్కడ కూర్చోవచ్చు

తెలంగాణలోని కవ్వాల్, ఏటూరునాగారం, పాకాల, ప్రాణహిత అభయారణ్యాల లోపల సొంతంగా హైడ్ (జంతువులకు కనిపించకుండా లోపల కూర్చునే చాటు) కట్టే మాటే లేదు. లోపలికి పోవాలంటే చట్టంలోని 28వ సెక్షన్ కింద అనుమతి కావాలి. అటవీశాఖ వాళ్ళే సాసర్ పిట్ల (జంతువులకు నీళ్ళు పోసే లోతు తక్కువ తొట్ల) దగ్గర, చెరువుల దగ్గర మంచెలు కట్టి ఉంచుతారు, వాళ్ళు చూపించిన మంచె మీదే కూర్చోవాలి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈ చట్టం లెక్కలో విల్లంబులు, వలలు, ఉచ్చులతో పాటు కత్తి కూడా ఆయుధమే. ముళ్ళకంపను సరిచేయడానికని కొడవలో గొడ్డలో సంచిలో వేసుకుని గేటు దాటితే తర్వాత జవాబు చెప్పుకోవడం కష్టం.

హైడ్ కట్టుకోవడానికి అనువైనది అడవి అంచున ఉన్న పట్టాభూమి కుంట. రైతు ఒప్పుకోవాలి, అటవీశాఖ బీట్ ఆఫీసర్‌కు ముందే చెప్పాలి. మీరు చెప్పకపోతే రాత్రిపూట టార్చి వెలుగు చూసి ఊళ్ళోవాళ్ళే వేటగాళ్ళనుకుని ఫోన్ చేస్తారు. అలా చేయడమే మంచిది కూడా.

జంతువులు త్వరగా వస్తాయని ఉప్పు చల్లడం, ఇప్పపువ్వు కుప్ప పోయడం, మక్కలు వేయడం వద్దు. ఎర వేయడాన్నీ తరిమి తేవడాన్నీ చట్టం వేట కిందే లెక్కగడుతుంది. ఎండాకాలంలో నీళ్ళకు మించిన ఎర ఎలాగూ లేదు.

ముందు నీళ్ళ సంగతి

కుంటలో నీళ్ళు నిండుగా ఉంటే జంతువులు వస్తాయనుకోవడం పొరపాటు. చుట్టూ రెండు మూడు కిలోమీటర్లలో ఇంకెక్కడా నీళ్ళు లేనప్పుడే వస్తాయి. మార్చిలో వాగుల్లో మడుగులు ఉంటాయి, ఇసుకలో పశువుల కాపర్లు తీసిన చెలిమెలుంటాయి, కాలువ పారుతుంటుంది. అప్పుడు ఏ జంతువు ఎక్కడ తాగుతుందో చెప్పలేం. ఏప్రిల్ రెండో సగం నుంచి తొలకరి దాకా అసలు కాలం. ఈ మధ్యలో ఒక్క గాలివాన గట్టిగా పడిందంటే ప్రతి బండ గుంటలో నీళ్ళు నిలుస్తాయి. అవి ఎండేదాకా కుంట దగ్గర కూర్చోవడం దండగ, ఇంటికి పోయి పడుకోండి.

కొండగొర్రెకు నీళ్ళు తరచుగా కావాలి, అందుకే అది నీటికి దూరంగా ఉండదు. పొదల చాటున, ఒంటరిగానో జంటగానో వస్తుంది. మనుబోతు చలికాలంలో నీళ్ళు లేకుండా రోజులు గడుపుతుంది, ఎండలు ముదిరితే దానికీ నీటిగుంటే దిక్కు. కృష్ణజింక గడ్డి మైదానాల జంతువు, ప్రాణహిత వైపు చూడాల్సిందే తప్ప దట్టమైన టేకు అడవిలో దానికోసం కూర్చోవద్దు.

కూర్చునే ముందు కనీసం మూడు నాలుగు రోజులు ఒడ్డు బురదను చదవండి. పొద్దుమూకే ముందు ఆకుల కొమ్మతో బురదను నున్నగా ఊడ్చి, తెల్లవారి చూడండి. మళ్ళీ ఊడ్చి మధ్యాహ్నం, ఆపైన సాయంత్రం చూడండి. ఏ పూట ఎవరు వస్తున్నారో అక్కడే తేలిపోతుంది. మనుబోతు గిట్ట ఎదిగిన దూడ గిట్టంత ఉంటుంది. కొండగొర్రె అడుగు మేకపిల్ల అడుగులాగే ఉంటుంది కాబట్టి ఊరి మేకలు తాగే కుంటలో ఈ లెక్క నమ్మకండి. అక్కడ పెంటికల కుప్పలు వెతకండి. మనుబోతు, కొండగొర్రె రెండూ ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వచ్చి పెంటికలు వేస్తాయి. పాతవి తెల్లబడి, పైన కొత్తవి నల్లగా మెరుస్తుంటే ఆ బాట నడుస్తోందని అర్థం.

మనుషుల వేళలు కూడా రాసుకోవాలి. తునికాకు సీజన్లో ఆకు తెంపేవాళ్ళు చీకటితోనే అడవిలో ఉంటారు. అప్పుడు పొద్దుటి పూట నీళ్ళకు వచ్చే జంతువులు మధ్యాహ్నానికి జరుగుతాయి. తెల్లవారుజామునే జంతువులు వస్తాయని చదువుకున్నవాళ్ళు తొమ్మిదింటికే లేచిపోయి, పదకొండున్నరకు వచ్చిన మనుబోతును పోగొట్టుకుంటారు. బర్లు, మేకలు దిగే వేళ తెలుసుకోండి. ఇప్పపువ్వు రాలే రోజుల్లో చెట్టు కింద ఎలుగుబంటి ఉంటుంది, ఇప్పచెట్ల మధ్యగా నడిచే దారి పెట్టుకోవద్దు.

గాలి

మనుబోతు ఎక్కువగా కళ్ళనూ చెవులనూ నమ్ముకుంటుంది. కొండగొర్రె విషయంలో వాసన కూడా గట్టిగా లెక్కలో వేసుకోవాలి. చాలామంది కెమెరాకు లక్షలు పెడతారు కానీ గాలి చూసుకోవడానికి పైసా ఖర్చు లేని పని చేయరు. పొయ్యి బూడిదను పలుచటి గుడ్డలో జల్లించి, మూతకు సన్నటి బెజ్జం ఉన్న ప్లాస్టిక్ సీసాలో పోయండి. నొక్కితే పొగలా వస్తుంది, అది పోయే దిక్కే మీ వాసన పోయే దిక్కు.

వేసవిలో గాలి పూటపూటకూ మారుతుంది. తెల్లవారుజామున చల్లగాలి బరువుగా ఒర్రె వెంట, వాగు వెంట పల్లానికి జారుతుంది. ఎండెక్కి నేల కాలడం మొదలయ్యాక గాలి పైకి లేస్తుంది. నడిమధ్యాహ్నం సుళ్ళు తిరుగుతుంది, ఏ దిక్కూ నమ్మకం కాదు. కాబట్టి ఒక్క పూట చూసి చోటు ఖాయం చేయకుండా మూడు పూటలా బూడిద ఊదండి. జంతువుల బాట ఒకవైపు ఉంటే, మీ వాసన రెండోవైపు ఖాళీ చెలక మీదికో చెరువు కట్ట మీదికో పోయేలా కూర్చోవాలి. గాలి బాటకు అడ్డంగా వీచినా చాలు, బాట మీదికి మాత్రం పోకూడదు.

వెలుతురుకూ గాలికీ పొత్తు కుదరకపోతే గాలి మాటే నెగ్గాలి. వెలుతురు బాగాలేని ఫోటో అయినా ఒకటి మిగులుతుంది, వాసన పట్టిన జంతువైతే అసలు రాదు. రెండూ కుదిరితే పొద్దుటి పూట కోసం కుంటకు తూర్పున, సాయంత్రం కోసం పడమట కట్టండి, సూర్యుడు వీపు వెనక ఉంటాడు. మే రెండో వారంలో వరంగల్ మీద మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు కొమ్ముల నీడ ముఖం మీద పడి కళ్ళు కనిపించవు. ఆ వేళ లెక్కపెట్టండి, ఫోటో మీద ఆశ పెట్టుకోకండి.

ఎంత దూరం

విల్లువాళ్ళ ఇరవై మీటర్లు మనకు అక్కర్లేదు. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాకు 400 మి.మీ. లెన్స్ తగిలిస్తే 20 మీటర్ల దగ్గర ఫ్రేములో పట్టే వెడల్పు 1.8 మీటర్లు. భుజం దగ్గర 55 నుంచి 64 సెంటీమీటర్ల ఎత్తుండే కొండగొర్రెకు అది చక్కగా సరిపోతుంది. మనుబోతు మగది మాత్రం తలా తోకా తెగిపోయి కనిపిస్తుంది. దానికి 40 మీటర్లు కావాలి, అప్పుడు 3.6 మీటర్ల వెడల్పు వస్తుంది. క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా అయితే అదే 40 మీటర్లలో దాదాపు 2.35 మీటర్లే. రెండు జంతువులూ వచ్చే కుంటకు 30 మీటర్లు మధ్యేమార్గం. మరీ దూరం పోయినా చిక్కే, తొమ్మిదిన్నర దాటాక కాలిన ఇసుక మీద సెగ ఆడుతుంటే 60 మీటర్ల అవతలి ఫోటో ఎంత ఖరీదైన లెన్స్‌తో తీసినా అలుక్కుపోతుంది.

చుట్టుపక్కల అదొక్కటే నీళ్ళ చోటు అయితే 40 మీటర్లకు లోపల కట్టవద్దు.

కట్టే పద్ధతి

ఒకరిద్దరికి 5 అడుగుల చదరం, కూర్చుంటే తలకు తగలనంత ఎత్తు చాలు. 7 అడుగుల వెదురు గుంజలు నాలుగు, 5 అడుగుల అడ్డ కర్రలు ఎనిమిది (పైన నాలుగు, కిటికీ మట్టంలో నాలుగు), 22 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు వచ్చేలా కుట్టిన గోనె పట్టా, లోపలివైపుకు అంతే నల్లగుడ్డ, పైకప్పుకు రెండు మడతల షేడ్ నెట్, సుతిలి తాడు రెండు ఉండలు. వెదురు బజారులో కొనండి, అడవిలో నరకవద్దు. మక్కసొప్ప, జొన్నసొప్ప ఆ చేలోనే దొరుకుతాయి.

గుంజలు అడుగున్నర లోతు పాతండి. హైడ్ చుట్టు కొలత 20 అడుగులే, పట్టాలో మిగిలిన రెండు అడుగులు వెనకవైపు ఒకదానిమీద ఒకటి పడి తలుపవుతుంది. జిప్పు, వెల్క్రో వద్దు, అవి చించిన చప్పుడు అడవంతా వినిపిస్తుంది. పట్టా కింది అంచును జానెడు మట్టిలో పాతేయండి. చాలా హైడ్లు చెడేది ఇక్కడే. గాలికి ఒక్క మూల టపటపలాడితే చాలు, జంతువు ఆ రోజుకు దగ్గరికి రాదు.

రెండో పెద్ద తప్పు వెనక వెలుతురు. ముందు కిటికీ, వెనక సందు ఒకే వరసలో తెరిచి ఉంటే మీ తల నీడబొమ్మలా కనిపిస్తుంది, కదిలినప్పుడల్లా బయటికి తెలుస్తుంది. లోపల గుహలా చీకటిగా ఉండాలి, నల్లగుడ్డ అందుకే. బయట ఆకుపచ్చ బట్టలేసుకున్నా లోపలికొచ్చాక నల్ల చొక్కా మంచిది. ఉక్కపోత తప్పడానికి వెనకగోడ పైన జానెడు సందు వదిలి, దాని ముందు ఇంకో నల్లగుడ్డ వేలాడదీయండి, గాలి వస్తుంది, వెలుతురు రాదు.

కెమెరా కిటికీ అడుగు వెడల్పు, 8 అంగుళాల ఎత్తు. కొండగొర్రె కోసమైతే లెన్స్ నేలకు 50, 60 సెంటీమీటర్ల ఎత్తులో, మనుబోతు కోసమైతే మీటరు ఎత్తులో ఉండాలి. లెన్స్ మూతిని బయటికి పెట్టకుండా కిటికీ నుంచి జానెడు లోపలే ఆపండి, తిప్పినా బయటికి కనిపించదు. కళ్ళకు వేరే సన్నటి చీలికలు రెండు, ఒక్కోటి రెండంగుళాలు, పక్క గోడల్లో పెట్టండి. బాట మీద వచ్చే జంతువు ముందుగా కనిపించేది వాటిలోంచే.

ఒక్కరోజులో మొత్తం నిలబెట్టవద్దు. మొదటిరోజు గుంజలు మాత్రమే. రెండు రోజులు ఆగి పైకప్పు, ఇంకో రెండు రోజులకు గోడలు, ఆ తర్వాత సొప్ప కప్పడం. చివరగా కిటికీలో నల్లరంగు పూసిన నాలుగంగుళాల పైపు ముక్క పెట్టి వదిలేయండి, లెన్స్‌కు అలవాటు పడతాయి. ఎండ వేళ, పశువులు దిగిన సమయంలో పని చేసి అరగంటలో వెళ్ళిపోవాలి. ప్రతిసారీ బురదలో అడుగులు చూడండి. హైడ్ వైపు ఒడ్డున అడుగులు ఆగిపోయి అవతలి ఒడ్డునే కనిపిస్తే తొందరపడ్డారని అర్థం, నాలుగు రోజులు దాని జోలికి పోకండి. పది పన్నెండు రోజులు దాటాక కూర్చోవచ్చు. ఆన్‌లైన్లో కొన్న పాప్-అప్ గుడారమైనా ఇదే నియమం. అది పది నిమిషాల్లో లేస్తుంది కాబట్టి జంతువు కూడా పది నిమిషాల్లో అలవాటు పడుతుందనుకోకూడదు. దాని నున్నటి గుడ్డ ఎండకు మెరుస్తుంది, పైన సొప్ప కట్టాల్సిందే.

చోటు పక్కన తీతువు గూడు ఉంటే అక్కడ కట్టనే వద్దు. ఎండాకాలంలో అది ఒడ్డు గులకరాళ్ళ మధ్యే గుడ్లు పెడుతుంది, మీరు కదిలినప్పుడల్లా కుంటంతా తిరుగుతూ అరుస్తుంది. గుడ్లు ఎండకు మాడిపోతాయి, మీకూ ఏమీ కనిపించదు.

లోపలికి పోవడం, బయటికి రావడం

మే నెలలో తెల్లవారుజామున నాలుగున్నరకే లోపల ఉండాలి. నడిచే దారిని ముందురోజు పగలు ఎండుటాకులు ఊడ్చి పెట్టుకోండి. ఆ దారి జంతువుల బాటను ఎక్కడా దాటకూడదు.

దారి ఎంచుకునేటప్పుడు ఇంకా పెద్ద సంగతి ఒకటుంది, కరెంటు తీగలు. అడవిపందుల కోసమని చేల గట్ల వెంట, కుంటల దారుల్లో దొంగతనంగా తీగలు లాగి కరెంటు పెడతారు. మనుషుల ప్రాణాలు పోయాయి. రైతును తోడు తీసుకుని పగలే దారంతా చూడాలి, చీకట్లో కొత్త అడ్డదారి తొక్కకూడదు. తీగ గానీ ఉచ్చు గానీ కనిపిస్తే ముట్టుకోకుండా బీట్ ఆఫీసర్‌కు చెప్పండి.

బయటికి రావడం ఇంకా కష్టం. జంతువులు ఎదురుగా ఉండగా మీరు గోడలోంచి బయటపడితే ఆ హైడ్ పని అయిపోయినట్టే. వాటి దృష్టిలో అది ఇక మనిషి ఉండే చోటు. అవి తాగి పోయేదాకా ఆగాలి. పొద్దుమూకినా పోకపోతే రైతును దూరం నుంచి మాట్లాడుకుంటూ కట్ట మీదుగా రమ్మనండి. అవి అతణ్ణి చూసి తప్పుకుంటాయి, హైడ్ మీద అనుమానం రాదు.

కూర్చున్నాక

బట్టలు కుంకుడురసంతో ఉతకండి. సబ్బుపొడుల్లో తెలుపు మెరవడానికి కలిపే రసాయనం జంతువుల కంటికి మనకు కనిపించేదానికన్నా ఎక్కువగా వెలుగుతుంది. సెంటు, తలనూనె, దోమల క్రీము వద్దు, పెద్ద తేనెటీగలున్న అడవిలో సెంటు మరీ ప్రమాదం. ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమంటుంది, పీట మీద మడిచిన గొంగడి వేసుకుని కూర్చోండి. సద్దిలో ఉల్లి, వెల్లుల్లి వద్దు. చిప్స్ ప్యాకెట్ల కవర్లు ఇంటి దగ్గరే విప్పి గుడ్డసంచిలో పోసుకోండి. మూత్రానికి వెడల్పు మూతి సీసా తప్పదు, బయటికి పోవడం కుదరదు.

కెమెరాలో బీప్, వెనక స్క్రీన్ ఆపేయండి. చీకటి గుడారంలో స్క్రీన్ వెలిగితే ముఖం దీపంలా కనిపిస్తుంది. సైలెంట్ షట్టర్ ఉంటే వాడండి. ట్రైపాడ్ కాళ్ళు లోపల అడ్డం, పాత జీన్స్ ప్యాంటు కాలును కుట్టి రెండు మూడు కిలోల ఇసుక పోస్తే లెన్స్ దానిమీద కదలకుండా కూర్చుంటుంది. తాగుతున్న జంతువుకు షట్టర్ వేగం సెకనులో 500వ వంతు చాలు. ఉలిక్కిపడి దూకేది కావాలంటే 1600వ వంతు దాకా పోవాలి. పొద్దుటి వెలుతురులో ఐఎస్ఓను (కెమెరా వెలుతురు పట్టే శక్తిని) 3200 దాకా పోనివ్వండి, ఫోటోలో చుక్కచుక్కలుగా గరుకు కనిపించినా ఫర్వాలేదు, కదిలిపోయిన కన్ను పనికిరాదు.

మనుబోతు నేరుగా నీళ్ళలోకి రాదు. చెట్ల అంచున ఆగి చాలాసేపు చూస్తుంది. ఆ సమయంలో వేలు కూడా కదపవద్దు. తర్వాత తల వంచుతుంది, మూతి తడవకముందే ఠక్కున ఎత్తుతుంది. మొదటిసారి వంచడం చాలాసార్లు ఉత్తుత్తిదే, అప్పుడు క్లిక్ మనిపిస్తే పోయిందే. రెండో మూడోసారి మూతి ముంచి గుటకలు వేయడం మొదలయ్యాక, నాలుగైదు గుటకలు లెక్కపెట్టుకుని ఒక్క ఫోటో తీయండి. చెవులు మీ వైపు తిరిగి మళ్ళీ పక్కకు పోతే చప్పుడును ఒప్పుకున్నట్టు. చెవులు నిలబడిపోయి కాలు నేలను కొడితే కెమెరా వదిలేసి ఊరుకోండి. హైడ్‌ను చూసి తాగకుండా వెనక్కి మళ్ళడం వరసగా రెండుసార్లు జరిగిందంటే ఆ రోజే ఎత్తేయాలి. మండే ఎండలో దాని నీళ్ళను మనం అడ్డుకున్నట్టే.

లెక్కపెట్టడానికి కూర్చున్నవాళ్ళు గుర్తుపట్టడం నేర్చుకోవాలి. మనుబోతు మగది నీలిబూడిద రంగు, పొట్టి కొమ్ములు. ఆడది గోధుమరంగు, కొమ్ములుండవు. కొండగొర్రె మగదానికే నాలుగు కొమ్ములు, ముందువి మరీ చిన్నవి, దూరం నుంచి రెండే అనిపిస్తాయి. ఆడదానికి కొమ్ములే లేవు కాబట్టి కాళ్ళ ముందువైపు నల్లచార చూడండి. కాగితం మీద వేళ, జాతి, మగ, ఆడ, పిల్లలు, వచ్చిన దిక్కు, పోయిన దిక్కు, తాగిన నిమిషాలు రాయండి. పొద్దున మూడు, సాయంత్రం నాలుగు కనిపిస్తే ఏడు అని కూడవద్దు. వేరువేరని గుర్తు లేకపోతే ఒకేసారి కనిపించిన గరిష్ఠ సంఖ్య నాలుగే లెక్క. బుద్ధపూర్ణిమ వెన్నెల్లో మంచెల మీద 24 గంటల లెక్కింపు జరిగినప్పుడు జతగా పోయి, వంతులవారీగా నిద్రపోండి. నిద్రమత్తులో రాసిన అంకెలు ఎందుకూ పనికిరావు.

44 డిగ్రీల ఎండలో గోనెపట్టాల మధ్య కూర్చోవడం మామూలు విషయం కాదు. మనిషికి 5 లీటర్ల నీళ్ళు, నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, తడిపి మెడకు చుట్టుకునే గుడ్డ ఉండాలి. తలనొప్పి, వాంతి, చెమట ఆగిపోవడం కనిపిస్తే ఎదురుగా ఏ జంతువున్నా లేచి నీడకు పోయి 108కు ఫోన్ చేయాలి. లోపలికి పోయేముందు టార్చితో మూలలన్నీ, గొంగడి మడతలు చూడండి. ఆ చల్లని చీకటి కట్లపాముకూ తేళ్ళకూ కూడా ఇష్టమే. ఒంటరిగా పోవద్దు, ఏ కుంట, ఎప్పుడు తిరిగొస్తారు అన్నది ఊళ్ళో ఒకరికి తెలిసి ఉండాలి.

తొలకరి పడగానే హైడ్ విప్పేయండి. గుంతలు పూడ్చాలి, సుతిలి తాడు ముక్కతో సహా ఏరుకోవాలి, ప్లాస్టిక్ నెట్ కొమ్ములకు చిక్కుకుంటే జంతువు విడిపించుకోలేదు. సొప్ప అక్కడే వదిలేయవచ్చు, పశువులు తినేస్తాయి. గోనెపట్టాను ఎండలో రెండు రోజులు ఆరేసి, వేపాకు వేసి చుట్టి పెడితే వచ్చే వేసవికి పనికొస్తుంది.